శ్రోత చెల్లించిన పైకం, శ్రోత పలికిన మాట
(బడ్జ్ బడ్జ్‌లో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనం సమావేశమైన ఈ బడ్జ్ బడ్జ్‌లోనే 1914 సెప్టెంబరు 29న కొమగాట మారు నౌక ప్రయాణికులపై పోలీసు కాల్పులు జరిగినవి. కెనడాలో అడుగు పెట్టనీయక వెనుకకు పంపబడిన ఆ ప్రయాణికులను బలవంతంగా రైలెక్కించి పంజాబుకు తరలించబూనుటే ఆ ఘర్షణకు మూలం. తమ మాట లోకానికి వినిపించే సాధనం వారి చేతిలో లేదు. 2013లో ఈ స్టేషన్ పేరులో ఆ నౌక పేరు చేరేనాటికి దాదాపు నూరేళ్లు గడిచినవి. సాధనం ఎవరి చేతిలో ఉన్నదో వారి మాటే ముందు నిలుస్తుంది. ఆ సాధనాలలో ఒకటైన రేడియోను గూర్చి నేడు మనం ముచ్చటించుకుందాం.

మన దేశంలో రేడియో తొలుత ప్రభుత్వం చేతిలో పుట్టలేదు. 1923 నవంబరులో కలకత్తాలో రేడియో క్లబ్ ఆఫ్ బెంగాల్ ప్రసారాలు ఆరంభించినది. 1924లో సి.వి. కృష్ణస్వామి చెట్టి పూనికతో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడినది. ఆసక్తిపరుల చందాలే వీటికి ఊపిరి. కాని రేడియో పెట్టె కొనగలవారు ఆనాడు కొద్దిమంది. డబ్బు చాలక మద్రాసు క్లబ్బు 1927లో ప్రసారాలు నిలిపివేసి, తన ట్రాన్స్‌మిటర్‌ను నగర కార్పొరేషన్‌కు అప్పగించినది.

తరువాతి కథ తపాలా సోదరులకు సుపరిచితమే. 1980వ దశకం మధ్యలో రద్దయ్యేవరకు రేడియో లైసెన్సు రుసుం వసూలైనది పోస్టాఫీసు కిటికీ వద్దనే. అనగా శ్రోత దశాబ్దాలపాటు పైకం చెల్లించాడు. కాని ఏమి ప్రసారం చేయాలో నిర్ణయించే హక్కు అతనికి దక్కలేదు. చెల్లించుట వేరు, పాలుపంచుకొనుట వేరు.

ఈ రెండూ కలిసిన ఉదాహరణ బొలీవియా తగరపు గనులలో కనిపిస్తుంది. 1940వ దశకం చివరి నుండి అక్కడి కార్మిక సంఘాలు తమ వేతనాలలో కొంత భాగం తీసి సొంత రేడియోలు నడిపాయి. 1980 జూలైలో సైన్యం అధికారం చేజిక్కించుకున్నప్పుడు, ఆ కేంద్రాలు ఒకదానితో ఒకటి జతకూడి, సైనికులు తలుపులు బద్దలుకొట్టేవరకు ప్రతిఘటన వార్తలు వినిపించాయి. తుపాకి శాశ్వతంగా మూయలేకపోయిన ఆ గొంతులలో పెక్కింటిని 1985 తరువాత ప్రభుత్వ గనుల మూసివేత మూయించినది. వేతనం పోయిన చోట చందా నిలువదు. ఉద్యోగ రక్షణకూ వాక్కు రక్షణకూ గల సంబంధం ఇదే.

మన తెలుగునేలకు వద్దాం. జహీరాబాదు సమీపాన మాచునూరులో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన పేద దళిత మహిళలు లైసెన్సు లేని కాలంలో దాదాపు పదేళ్లు తమ కార్యక్రమాలను క్యాసెట్లపై రికార్డు చేసి, సంఘాల కూడికలలో వినిపించారు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పినది. స్వచ్ఛంద సంస్థలకు అనుమతి మాత్రం 2006లో వచ్చినది. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వెళ్లినది. విత్తనాలు, చిరుధాన్యాలు, పండుగ పాటలు, ఆరోగ్యం: అన్నీ అక్కడి యాసలోనే. మైకు పట్టినదీ, యంత్రం నడిపినదీ ఆ స్త్రీలే.

అయితే 2006 నిబంధనలు పార్టీల అనుబంధ కార్మిక సంఘాలకు లైసెన్సు నిరాకరించాయి. సొంత వార్తా ప్రసారాన్నీ నిషేధించాయి. మరి మన కర్తవ్యమేమి? మొదటిది, శ్రామికుని నోరు కట్టే నిబంధనల సడలింపు కోరుట. రెండవది, మనమున్న చోట సామాజిక రేడియో ఉంటే చందా ఇచ్చి, లెక్క అడిగి, మైకు ముందు కూర్చొనుట. అర్ధరాత్రి పట్టాల వెంట నడిచే గ్యాంగ్‌మన్ అనుభవం, ఎండలో సంచి మోసే పోస్ట్‌మన్ అనుభవం వారి నోటనే వినిపించాలి.

చందా రశీదుతోనే మన బాధ్యత తీరిపోదు. అది మాట్లాడే హక్కుకు మొదటి మెట్టు మాత్రమే. ఆ పై మెట్టు మనమే ఎక్కాలి.