ఆ పేర్లకు ఆర్.డిస్. ముద్ర వేద్దాం

(ప్రపంచ మానవతా దినోత్సవం సందర్భంగా అరకులోయలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు ఆగస్టు 19. 2003లో ఇదే తేదీన బాగ్దాదులో కెనాల్ హోటలులోని ఐక్యరాజ్యసమితి కార్యాలయంపై ట్రక్కు బాంబు దాడి జరిగి 22 మంది చనిపోయారు. సమితి ప్రతినిధి సెర్జియో వియెరా డి మెల్లో వారిలో ఒకరు. 2008లో సమితి సర్వసభ్య సభ ఈ తేదీని ప్రపంచ మానవతా దినోత్సవంగా నిర్ణయించింది. యుద్ధంలోనో, కరువులోనో, రోగంలోనో చిక్కుకున్నవారికి సాయపడబోయి ప్రాణాలు కోల్పోయినవారిని తలచుకునే రోజిది. అటువంటివారికోసం 2023లో లండన్ నగరంలో, గన్నర్స్‌బరీ పార్కులో ఒక స్మారకం వెలిసింది. మనుషులు వలయంగా నిలబడినట్లు బొమ్మలు. చూడవచ్చినవారు కూడా ఆ వలయంలో చేరి నిలబడేందుకు చోటు వదిలారు.

ఇంతకీ ఇలా పోయేవారెవరు? 2024 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచంలో 383 మంది సహాయ సిబ్బంది హతులయ్యారని సమితి లెక్క. వారిలో అత్యధికులు ఆయా దేశాలవారే. తమ ఊళ్లలో, తమ జనానికి సాయం చేస్తూ పోయినవారే.

ఆయుధంతో చంపబడితేనే త్యాగమా అని అడగవచ్చు. షోలాపూరు మన తెలుగు నేతవారు వేలాదిగా స్థిరపడిన ఊరు. అక్కడ పుట్టిన డాక్టర్ ద్వారకానాథ్ కొట్నీస్ 1938లో భారత వైద్య బృందంతో చైనా వెళ్లి, యుద్ధంలో గాయపడినవారికి చికిత్స చేస్తూ 1942 డిసెంబరు 9న జబ్బుపడి మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 32. ఆయనను చంపింది తూటా కాదు. అయినా షిజియాజువాంగ్ నగరంలోని అమరవీరుల శ్మశానవాటికలో ఆయనకు సమాధి కట్టి, విగ్రహం నిలిపి గౌరవిస్తున్నారు.

ఇక మన మన్యం సంగతికి వద్దాం. విశాఖ బీచిరోడ్డులో 1971 యుద్ధ విజయానికి స్తూపముంది. కృష్ణదేవిపేటలో అల్లూరి వారి సమాధి ఉంది. ఈ అరకులోని పద్మాపురం తోట కూడా రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి వేసినదే. ఇవన్నీ ఉండవలసినవే. కాని మందులపెట్టె భుజాన వేసుకొని ఈ కొండలెక్కి, తిరిగి ఇంటికి చేరనివారి పేరున్న రాయి నేను తిరిగినంత మేర ఒక్కటీ కనబడలేదు.

ఏజెన్సీకి బదిలీ అంటే ఒకప్పుడు ఇంట్లో ఏడుపులు. కారణం మలేరియా. ఇక్కడి గెడ్డల్లో పెరిగే దోమ అటువంటిది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ పథకం, 1958లో నిర్మూలన పథకం వచ్చాయి. ఇళ్లకు డి.డి.టి. కొట్టేవారు, పదిహేను రోజులకోసారి గడపగడపకూ వెళ్లి రక్తపు స్లైడు తీసి బిళ్లలిచ్చేవారు ఉండేవారు. వానాకాలం గెడ్డ పొంగినా పర్యటన ఆగకూడదు. ఎవరి జ్వరం తగ్గించడానికి వెళ్లారో వారి జ్వరమే తమకూ సోకి, మెదడుకెక్కి, డోలీలో దించేలోపే పోయినవారున్నారు. గెడ్డ దాటబోయి కొట్టుకుపోయినవారున్నారు. 2020, 2021 కోవిడు రోజుల్లో ఏఎన్ఎంలు, ఆశా అమ్మాయిలు, పారిశుద్ధ్య సిబ్బంది మళ్లీ అలాగే ముందు నిలబడ్డారు.

ఆరోగ్య విభాగం గుమాస్తాగా అటువంటివారి కాగితాలు నా చేతుల మీదుగా వెళ్లాయి. సర్వీసు రిజిస్టరులో చివరి పంక్తి: "ఫలానా తేదీన మరణించిరి." ఎలా, ఎక్కడ, ఏ పనిమీద అన్న గడి లేదు. ఒక చనిపోయిన వర్కరు భార్య కుటుంబ పింఛను కోసం రెండేళ్లు ఒక కార్యాలయం మెట్లెక్కింది. పిచికారీకి సీజను కూలీలుగా వచ్చినవారికి రిజిస్టరే లేదు, మస్టరు రోలు తప్ప. ఆ ఫైళ్లకు ఏ ముద్ర పడుతుందో మీకు చెప్పనక్కరలేదు. ఆర్.డిస్. అయితే శాశ్వతం, డి.డిస్. అయితే పదేళ్లకు తగులబెట్టేస్తారు. కాగితం పోయాక ఆ పేర్లు మిగిలినది మన జ్ఞాపకాలలోనే. మనందరం డెబ్బై దాటినవాళ్లం.

అందుచేత మూడు విన్నపాలు. ఒకటి, ప్రతి సభ్యుడూ తనకు తెలిసిన పేరు, ఊరు, ఉద్యోగం, సంవత్సరం, మరణకారణం ఒక కాగితం మీద రాసి సంఘానికివ్వాలి. కూలీ అయినా, పర్మనెంటు అయినా తేడా వద్దు. రెండు, ఇద్దరు పాత సహోద్యోగులు ధ్రువపరచి, కుటుంబం అంగీకరించాకే జాబితాకెక్కించాలి. మూడు, అనుమతి తెచ్చుకొని ఆసుపత్రి ఆవరణలో ఒక రాయి నిలపాలి. యాత్రికులు ఫొటోలు దిగే చోట వద్దు. సంతకొచ్చిన కొండవారు బిడ్డకు మందుకోసం వచ్చే చోట కావాలి. తెలుగు చదవలేనివారికి ఆ పేర్లను ఏటా ఈ రోజున వారి భాషలో చదివి వినిపించాలి.

రాయికి డబ్బు ఆలస్యం కావచ్చు. జాబితాకు కావలసింది కలమూ కాగితమే. జీవితమంతా ఆ పనే చేశాం. ఈ ఒక్క ఫైలుకు ఆర్.డిస్. ముద్ర వేసి వెళ్దామని మనవి చేసుకుంటున్నాను.