ఓటు అడగవచ్చేవారిని మనం ఏమి అడగాలి?

(వేలూరు, గుడియాత్తం కార్మికుల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎన్నికలు వచ్చాయంటే మన వీధులకు కార్లు వస్తాయి, మైకులు వస్తాయి, వంగి వంగి దండాలు వస్తాయి. పోలింగు మర్నాడు మగ్గాల చప్పుడు తప్ప మరేమీ వినపడదు. పెద్ద పదవికి పోటీ చేసే మనిషి నుంచి మనం ఏమి ఆశించాలి? ఈ ప్రశ్నకు జవాబు కోసం ఢిల్లీ దాకా పోనక్కరలేదు. మన నేల మీదనే రెండు పాఠాలున్నాయి.

మొదటిది గుడియాత్తం పాఠం. 1953లో రాజాజీ ప్రభుత్వం ప్రాథమిక విద్యలో ఒక కొత్త పద్ధతి తెచ్చింది. పిల్లలకు బడి రోజుకు మూడు గంటలే. మిగతా వేళ తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. అంటే నేతగాని బిడ్డ మగ్గం గుంటలోనే ఉండిపోవాలన్నమాట! జనం దాన్ని 'కులవిద్య' అని ఎదిరించారు. 1954 ఏప్రిల్‌లో రాజాజీ స్థానంలో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ పథకం రద్దయింది.

అప్పటికి కామరాజ్ శాసనసభ్యుడు కారు. ఆరు నెలల్లో ఏదో ఒక సభలో సభ్యత్వం పొందాలి. రాజాజీ 1952లో ఎన్నికకు నిలబడకుండా, నామినేషన్ మీద శాసనమండలిలోకి వచ్చారు. కామరాజ్ ఆ దారి పట్టలేదు. సొంత ఊరు విరుదునగర్‌కు ఎంతో దూరాన ఉన్న గుడియాత్తం ఉప ఎన్నికలో నిలబడి, కమ్యూనిస్టు అభ్యర్థి మీద గెలిచారు. 1956లో ఆయన ప్రభుత్వమే బడిపిల్లల మధ్యాహ్న భోజనం మొదలుపెట్టింది. ఆయన రాజకీయాలతో మనం ఏకీభవించినా, ఏకీభవించకపోయినా ఒకటి ఒప్పుకోవాలి. పదవి చేతిలో ఉండి కూడా ఆయన జనం తీర్పు కోరారు.

రెండవది వేలూరు పాఠం. అది మనకు తలవంపులు తెచ్చింది. 2019 ఏప్రిల్ 18న లోక్‌సభ పోలింగు జరగాలి. సోదాల్లో భారీగా నగదు దొరకడంతో, ఎన్నికల సంఘం సిఫారసు మీద రాష్ట్రపతి 16వ తేదీన వేలూరు ఎన్నికను రద్దు చేశారు. డబ్బు కారణంగా లోక్‌సభ ఎన్నిక రద్దు కావడం దేశంలో అదే మొదటిసారి. మళ్ళీ ఆగస్టు 5న పోలింగు జరిగింది. పది లక్షలకు పైగా ఓట్లు పడిన ఆ ఎన్నికలో గెలుపు తేడా 8,141 ఓట్లు మాత్రమే. మన ఓటుకు ఎంత బలమున్నదో చూడండి!

నాయకులను తిట్టి ఊరుకుంటే చాలదు. రాత్రిపూట కవరు వచ్చినప్పుడు మనలో కొందరం చెయ్యి చాపాం. పని తగ్గిన రోజుల్లో ఆ డబ్బుతో బియ్యం కొన్నవాళ్ళున్నారు, వాళ్ళను మనం ఎగతాళి చేయం. కాని తర్వాత నూలు ధర పెరిగి, కూలి పడిపోయి అడగబోతే, "డబ్బు తీసుకున్నారుగా, ఇంకేం అడుగుతారు?" అన్నది ఆ కవరు పంచినవాడే. ఓటుకు డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ చట్టప్రకారం నేరమే. అంతకంటే పెద్ద నష్టం, అడిగే హక్కు మన చేతులారా పోగొట్టుకోవడం.

కనుక ఈసారి కవరు వద్దందాం, ప్రశ్న వేద్దాం.

ఒకటి: చేనేతకు చిలపనూలు. మిల్లులు దేశంలో అమ్మే నూలులో చిలపల వాటాను కేంద్రం 2019లో 40 శాతం నుంచి 30 శాతానికి తగ్గించింది. దీనిపై మీ మాట ఏమిటి?

రెండు: 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్. మిల్లు మూయడానికి ప్రభుత్వ అనుమతి కావలసిన హద్దును 100 మంది కార్మికుల నుంచి 300కు పెంచింది. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు అంది. మీరు ఎటువైపు?

మూడు: మీ అఫిడవిట్. కేసులు, ఆస్తులు, చదువు అందులో రాయాలి. సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పులతో ఓటరుకు దక్కిన హక్కు ఇది. ప్రతి అభ్యర్థి అఫిడవిట్‌నూ మిల్లు గేటు దగ్గర, షిఫ్టు మారే వేళ తెలుగులో చదివి వినిపిద్దాం.

నాలుగు: గెలిచాక ఏడాదికి ఒకసారి మా ముందు నిలబడి లెక్క చెబుతారా?

ముఖ్యమంత్రి అయి ఉండి ఒకాయన గుడియాత్తం వచ్చి ఓటు అడిగారు. ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పలేని మనిషి అంతకంటే పెద్దవాడు కాడు.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!