కొయ్యబొమ్మ మనుష్యుడైన విధము



చిత్రకారులు వేలకొలది బొమ్మలు గీసి, వానిని వరుసగా ఛాయాచిత్రములు దీసి, ప్రాణమున్నవానివలె నాడించు చలనచిత్రములను నేడు పల్లెపిల్లలు సయితము ఇంటనే చూచుచున్నారు. తోలుబొమ్మలాట యెరిగిన మనకిది మిక్కిలి వింత గాదు. అట్టి చిత్రములలో 1940లో అమెరికాయందు వాల్ట్ డిస్నీ సంస్థ వెలువరించిన ‘పినోకియో’ ప్రసిద్ధమైనది.

దీనికి మూలము ఇటలీ దేశపు పిల్లలకథ. కర్త కార్లో లోరెంజీని. కలము పేరు కొల్లోడి. 1881లో నొక బాలపత్రికయందు విడతలుగా వ్రాయుచు, అల్లరిబొమ్మను దొంగలచే చెట్టునకు ఉరివేయించి కథ ముగించెను. చదువరుల కోర్కెపై 1882లో మరల కొనసాగించెను. 1883లో గ్రంథము వెలువడెను.

పేదవాడైన జెప్పెట్టో చెక్కిన కొయ్యబొమ్మకు ప్రాణము వచ్చెను. అది బడి మానెను. బొంకగా ముక్కు పెరిగెను. సోమరుల వెంటబోగా గాడిదచెవులు మొలిచెను. తుదకు మహామత్స్యము కడుపున జిక్కిన తండ్రిని రక్షించి, మనుష్యబాలుడయ్యెను.

ఆ తుదిఘట్టమే విచారింపదగినది. చిత్రములో బొమ్మ తండ్రిని గాపాడుచు ప్రాణము గోల్పోవును. దేవకన్య మెచ్చి మనుష్యజన్మ మొసగును. గ్రంథములో నట్లు గాదు. ఒడ్డుచేరిన తండ్రి నీరసించియుండెను. అతనికి గ్లాసెడు పాలకై, బొమ్మ యొక తోటకాపునొద్ద నూరు బాల్చీల నీరు తోడవలసివచ్చెను. ఐదు నెలలకు పైగా ప్రతిదినము వేకువనే లేచి నీరు తోడెను, బుట్టలల్లెను, రాత్రులు చదువును వ్రాతయు నేర్చెను. పిమ్మటనే మనుష్యుడయ్యెను.

1967లో నాగార్జునసాగరము కుడికాలువకు నీరు వదలకమునుపు, మెట్టనేలలో మోట తోలి పైరు పెంచిన పెద్దలకు నూరు బాల్చీల విలువ నేను చెప్పనక్కరలేదు.

బాలచంద్రుని శౌర్యమును పల్నాటి బిడ్డలు ఉగ్గుపాలతోనే విందురు. కావున చిత్రములోని సాహసము వారికి సులభముగా మనసున కెక్కును. అది మంచిదే. కాని సాహస మొక్కనాటిది; నలుగురు చూచి మెచ్చుదురు. అనుదినశ్రమను చూచువా రుండరు. వీరులకు కారెంపూడిలో గుడి యున్నది. తండ్రి పాలకై నీరు తోడినవానికి గుడి లేదు.

మనుమలు ఆ చిత్రము చూచిన రాత్రి, తెరపై రాని యా భాగమును మీరు చెప్పుడు. పాలగ్లాసు మాట విడువకుడు. “మన తాతలును ఇట్లే తోడిరా?” యని వారడిగినచో, మరునాడు చేయిపట్టుకొని పొలములోని పాతబావి చూపుడు.