చిప్పుల కర్మాగారంలో వైరస్

హైదరాబాద్‌లో ఉప్పల్ నుంచి నాచారం దాటి కుషాయిగూడ వైపు వెళితే ఈసీఐఎల్ సంస్థ వస్తుంది. 1967 నుంచి అక్కడ ఎలక్ట్రానిక్ పరికరాలు తయారవుతున్నాయి. వేడినీ, పీడనాన్నీ ఎలక్ట్రానిక్ పరికరం కొలవాలంటే సాధారణంగా అనలాగ్ చిప్పులు కావాలి.

అలాంటి చిప్పులు చేసే ఎక్స్-ఫ్యాబ్ సంస్థ మీద 2020 జులైలో సైబర్ దాడి జరిగింది. దాని ఆరు కర్మాగారాల్లోనూ ఉత్పత్తి ఆపేశారు. సెప్టెంబరులో ఇజ్రాయెల్‌కు చెందిన టవర్ సెమీకండక్టర్‌కూ దాడి తప్పలేదు. 2018లో తైవాన్ చిప్పుల సంస్థ టీఎస్ఎంసీలోకైతే వైరస్ కొత్త యంత్రంతో పాటే వచ్చింది. స్కాన్ చేయకుండా నెట్‌వర్క్‌కు కలిపేశారు, అంతే!

నాచారం పారిశ్రామికవాడలో యూనిట్లు నడిపేవారికి నా విన్నపం: సర్వీసు ఇంజినీరు తెచ్చిన పెన్‌డ్రైవ్‌ను యంత్రానికి పెట్టే ముందు వేరే కంప్యూటర్లో స్కాన్ చేయించండి. ఆఫీసు ఈమెయిళ్లు నడిచే నెట్‌వర్క్‌కు యంత్రాలను కలపకండి.