అడ్డా మీది మనిషికి జీవో రాలే

(ఉద్యమకారుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనం ఎట్ల గెలిచినమో ఇప్పటిదాంక పెద్దలు చెప్పిన్రు. పరాయి పెత్తనం గురించి కూడా యాభై ఏండ్లకు పైగా మాట్లాడినం. మేము ఇయ్యాల మన టెంటు లోపలి ఎచ్చుతగ్గుల గురించి మాట్లాడదల్చుకున్నం. ఉద్యమం నడిచేటప్పుడు ఎవలన్న ఈ ముచ్చట ఎత్తితే, "ముందుగాల రాష్ట్రం రానీ, ఇంటి పంచాయితీ ఎన్క తెంపుకుందం" అన్నరు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఇంటి పంచాయితీ అట్లనే ఉన్నది.

సకల జనుల సమ్మెనే తీసుకుందం. 2011 సెప్టెంబర్ 13 నుంచి అక్టోబర్ 24 దాంక, 42 రోజులు. సింగరేణిల బొగ్గు ఆగింది. ఆర్టీసీ బస్సులు డిపో దాటలే. బడులు బందయినయి, దఫ్తర్లు బోసిపోయినయి. 'పని లేకుంటే జీతం లేద'నే 177 జీవో నెత్తిమీద ఉండంగనే ఉద్యోగులు సమ్మెకు దిగిన్రు. ఆ యేడు బతుకమ్మ, దసరా జీతం లేకుంటనే ఎల్లదీసిన్రు. ఆ త్యాగాన్ని తక్కువ చేసి మాట్లాడేటోళ్లం కాదు మేము.

మరి అవే 42 రోజులు అడ్డా మీది కూలీకి ఎట్ల గడిచినయి? బంద్ నాడు మేస్త్రి రాడు. మేస్త్రి రాకుంటే పని లేదు, పని లేకుంటే పొయ్యి మీద ఎసరు లేదు. మార్కెట్ యార్డుల హమాలీకి బస్తాకింత అని కూలి, యార్డు మూస్తే అదీ లేదు. ఆటో తిరగకున్నా ఫైనాన్సోడు కిస్తీకి ఇంటి ముందుకు వస్తడు. హోటల్ల గిన్నెలు కడిగే అక్కకు షట్టర్ దించిన నాడు కూలి ఎవలిస్తరు? ఉద్యోగికి జీతం ఆగితే సొసైటీ లోను ఉన్నది, జీపీఎఫ్ ఉన్నది. కిరాణం షావుకారి ఖాతా రాస్తడు, ఎందుకంటే ఇయ్యాల కాకుంటే రేపన్న జీతం పడుతదని ఆయనకు ఎరుకే. హమాలీకి ఎవలు రాస్తరు ఖాతా?

రాష్ట్రం వచ్చినంక ఉద్యోగుల సమ్మె కాలాన్ని ప్రత్యేక సెలవు కింద లెక్కగట్టిన్రు. తెలంగాణ ఇంక్రిమెంటు ఇచ్చిన్రు. ఇయ్యాల్సిందే, కాదనేటోడు లేడు. అడ్డా కూలీ పోగొట్టుకున్న దినాలకు మాత్రం ఏ జీవో రాలే. రాలేదేందని గట్టిగ అడిగినోళ్లు కూడా మాకు కానరాలే. సర్కారు ఇయ్యకపోవుడు కంటే మనోళ్లు అడగకపోవుడే మాకు ఎక్కువ నొప్పి అయితున్నది.

డిమాండ్ల కాగితం ఎవలు రాస్తే వాళ్ల కష్టమే అండ్ల ముందుంటది. 1985ల వచ్చిన 610 జీవోను మన టెంట్లల్ల ఇంటర్ పిల్లగాడు సుత అప్పజెప్పేది. స్థానికత, జోన్లు, సీనియారిటీ అన్నీ నోటికొచ్చేది. అవన్నీ న్యాయమైనయే. కనీస వేతనాల జీవో నంబరు ఎంతని ఈ సభల అడిగితే ఎన్ని చేతులు లేస్తయి? 2021ల కొన్ని రంగాలల్ల కూలి రేట్లు పెంచుతమని జీవోలు తీసిన్రు, గెజిట్‌ల అచ్చెయ్యకుంట పక్కకు పెట్టిన్రు. 610 అమలు చెయ్యలేదని రోడ్డెక్కిన సంఘాలు దీని కోసం ఎన్ని రాస్తారోకోలు చేసినయి?

రిలే నిరాహార దీక్షలు యాద్ చేసుకోండ్రి. పొద్దుగాల పదింటికి మొదలు. మెడల దండలు ఎవలికి పడ్డయి? వకీళ్లకు, సార్లకు, డాక్టర్లకు, కాంట్రాక్టర్లకు. పదింటికి కూలోడు పనిల ఉంటడాయె. వంటావార్పుల నాయకులు గరిటె పట్టుకొని ఫొటో దిగిన్రు. ఆ రోడ్డు మీది విస్తళ్లు ఎత్తింది కాంట్రాక్టు సఫాయి అక్కలు. జనం జమయ్యేదాంక డప్పు, పాట. జమ అయినంక మైకు నాయకునిది. మన యాసను ఎక్కిరించిన్రని కొట్లాడినం గద, అదే యాసల తీర్మానం రాసుకొని వస్తే "జర మంచి భాషల దిద్దున్రి" అన్నోళ్లు ఎక్కడినుంచో రాలే, మన పక్క కుర్చీలోళ్లే.

బెల్లి లలితను 1999 మేల నరికి చంపిన్రు. ఆమె భువనగిరి స్పిన్నింగ్ మిల్లుల పనిచేసిన బిడ్డ. ఫ్లెక్సీల మీద గానకోకిల అని రాస్తరు, బాగనే ఉన్నది. మిల్లు కార్మికురాలు అని ఎందుకు రాయరు?

ఇది నిన్న మొన్నటి రోగం కాదు. 1951ల సాయుధ పోరాటం ఆపినంక, దళాలల్ల తిరిగిన ఆడోళ్లను ఇంటికి పోయి సంసారం చేసుకోమన్నరు. వాళ్ల మాటలు పుస్తకంల చదవాలంటే 1986ల స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చేదాంక ఆగాల్సి వచ్చింది.

2019 అక్టోబర్ 5న ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగిన్రు. 52 రోజులు. సుమారు 48 వేల మంది. వాళ్లంతట వాళ్లే కొలువులు పోగొట్టుకున్నరని సాక్షాత్తు ముఖ్యమంత్రే అన్నడు. 2011ల ఒకటే సమ్మెల భుజం కలిపిన ఉద్యోగ సంఘాలు అప్పుడు ఎక్కడున్నయి? సానుభూతి మాటలు వచ్చినయి. వాళ్లతోని కలిసి సమ్మెకు మాత్రం దిగలే. సకల జనులు అన్న మాటకు అర్థం ఎనిమిదేండ్లల్లనే మారిపోయింది.

ఈ మాటలతోని మన ఐక్యత చెడుతదని వెనుక వరుసల గొణుగుడు వినవడుతున్నది. అన్నా, కూలి పోగొట్టుకున్నోడు నోరు మూసుకుంటనే నిలిచే ఐక్యత ఎవలి ఐక్యత?

ఇంకొక్క సంగతి చెప్పి దిగిపోతం. 2023 ఎన్నికలల్ల ఉద్యమకారులకు 250 గజాల ఇంటిజాగ ఇస్తమని కాంగ్రెస్ హామీ ఇచ్చింది. ఇచ్చే నాడు ఉద్యమకారుడు ఎవడన్న లెక్క వస్తది. సాక్ష్యం ఏందంటరు? ఎఫ్ఐఆర్ కాపీ, జైలు కాగితం, పేపర్ కటింగ్. మేము పేపర్లల్ల పనిచేసేటోళ్లం, ఫొటో కింద ఎవలి పేరు పడుతదో మాకు ఎరుకే. కటింగులు ఫైల్ల కుట్టి పెట్టుకున్నోళ్లకు సాక్ష్యం తయారుగ ఉన్నది. లాఠీ దెబ్బ తిని తెల్లారి మళ్ల అడ్డా మీదికి పోయినోనికి ఏమున్నది?

అందుకని కాగితం లేనోళ్ల పేర్లతోనే మన జాబితా మొదలువెడుదం. ఏ ఊరు, ఏ అడ్డా, ఏ బంద్‌ల ఉన్నడు, ఎన్ని దినాల కూలి పోయింది, పక్కన ఎవలున్నరు అని అడిగి రాసుకుందం. ఎల్లుండి పొద్దుగాల ఆరింటికి, మేస్త్రీలు రాకముందే, అడ్డాల కాడికి పోతున్నం. రాసే పుస్తకాలు మేము తెస్తం. సంఘాల నుంచి ఎవలెవలు వస్తరో కిందికి దిగంగనే మాకు పేర్లు ఇయ్యిండ్రి.

జై తెలంగాణ!