వాయిదా రోజు పోయే కూలి ఎవరిస్తారు?

(పంజాగుట్టలో జరిగిన సంఘ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పంజాగుట్ట అంటే మనలో చాలామందికి నిమ్స్ ఆసుపత్రే. కిడ్నీ జబ్బుతోనో గుండె జబ్బుతోనో ఉన్న ఊరివాళ్లను పట్టుకొని వచ్చి ఉంటాం. బయల్దేరే ముందు ఊళ్లో చందాలు వేసుకుంటాం. అందులో ఎవరికీ మొహమాటం లేదు. అదే మొగుడు కొట్టి చెయ్యి విరిగిన మనిషికైతే ఎవరం చందా వెయ్యం. 'వాళ్లింటి గొడవ, మనకెందుకు' అంటాం. నేను ఈరోజు మాట్లాడేది ఆ చందా గురించే.

ప్రభుత్వం దగ్గర డబ్బు లేదా అంటే, ఉంది. 2013 బడ్జెట్‌లో వెయ్యి కోట్లతో నిర్భయ నిధి పెట్టారు. మొదటి కొన్నేళ్లు అందులో చాలా భాగం ఖర్చే కాలేదు. తర్వాత జిల్లాల్లో సఖి కేంద్రాలు, 181 నంబరు వచ్చాయి. ఈ నగరంలో 2014లో షీ టీమ్స్, 2016లో భరోసా కేంద్రం మొదలయ్యాయి. ఇవన్నీ కావాల్సినవే. కానీ సఖి కేంద్రం ఉండేది జిల్లా కేంద్రంలో. దెబ్బలు తిన్న మనిషి ఉండేది తండాలో. మధ్యలో ఆమె వెంట నడిచే మనిషి ఎవరు?

గృహహింస చట్టం 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. దరఖాస్తు అందిన మూడు రోజుల్లో మొదటి విచారణ, అక్కడి నుంచి అరవై రోజుల్లో పరిష్కారం అయ్యేలా చూడాలని అందులోనే రాసి ఉంది. వాయిదాలు ఎలా సాగుతాయో భూమి కేసులు నడిపిన మీకు నేను చెప్పక్కర్లేదు. స్టేషనుకి ఓ రోజు, గాయాల సర్టిఫికెట్‌కి ఓ రోజు, రక్షణ అధికారి దగ్గరికి ఓ రోజు, ఆపైన కోర్టు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం, మంచిదే. పోయే కూలి మాత్రం పోతూనే ఉంది. అదీ ఇద్దరి కూలి, ఆమెదీ, తోడు వెళ్లిన ఆమెదీ. నాట్ల రోజుల్లో ఇది చిన్న మొత్తం కాదు. చాలా కేసులు రెండో వాయిదాకే ఆగిపోవడానికి భయం ఎంత కారణమో ఇదీ అంత కారణమని నా అభిప్రాయం.

ఇలా తోడు నడిచే పని మన దగ్గర జరగలేదని కాదు. 1993లో మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మహిళా సమత మొదలైంది. దళిత, కూలి ఆడవాళ్లు ఊరూరా సంఘాలు పెట్టుకున్నారు, నారీ అదాలత్‌లు నడిపారు. ఊళ్లు తిరిగే కార్యకర్తకి జీతం కొంచెమే అయినా నెలనెలా వచ్చేది. 2016లో కేంద్రం నిధులు ఆపేసింది. ఊరంతా ఒక్క బోరు మీద ఆధారపడితే ఏమవుతుందో మనకు తెలుసు కదా, అదే అయింది.

దూబగుంటలో ఎవరు నిధులిచ్చారని అడుగుతారు. నిజమే, 1992లో నెల్లూరు ఆడవాళ్లు ఎవరి పైసా లేకుండానే సారా దుకాణాలు మూయించారు, మరుసటి ఏడాది అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. ఉద్యమం అలా లేస్తుంది. వాయిదాకి తోడు వెళ్లడం ఉద్యమం కాదు, రోజువారీ చాకిరీ. దానికి కూలి కట్టాలి.

అందుకే నా ప్రతిపాదన ఇది. సభ్యత్వ రుసుములో పదో వంతు తీసి మండలానికో ఖాతా తెరవాలి. సంతకాలు ఇద్దరు ఆడవాళ్లవే ఉండాలి. ఎంత ఇచ్చారు, ఏ పనికి ఇచ్చారు అన్నంతవరకే కమిటీకి లెక్క చెప్పాలి. ఎవరికి ఇచ్చారో చెప్పనక్కర్లేదు. రాజీ పంచాయితీలకు, పెద్దమనుషుల ఖర్చులకు ఒక్క రూపాయి పోకూడదు.

ఇక అసలు చిక్కు. కొట్టినవాడు మన సంఘం మనిషే అయితే? అప్పుడూ ఇవ్వాలి. అభ్యంతరం వచ్చేది అక్కడేనని నాకు తెలుసు. ధర్నాల్లో ముందుండే కార్యకర్తని పోగొట్టుకుంటామా అంటారు. ఆ ధర్నాలో వెనక వరసలో కూర్చున్న ఆయన భార్యకీ మనం రసీదు రాసి సభ్యత్వం ఇచ్చాం కదా.

ఇంకో మాట. ఇల్లు భర్త పేరునో అత్తగారి పేరునో ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు భార్యకి ఈ చట్టం ఇచ్చింది. ఆ ఇల్లు అత్తమామలదైనా సరేనని 2020లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. 'పట్టా నాది, బయటికి పో' అనే మాట చెల్లదని ఊళ్లో చెప్పండి. అలాగే పొలంలో మేస్త్రీ గానీ ఆసామి గానీ చెయ్యి వేస్తే, 2013 చట్టం కింద జిల్లాలోని స్థానిక కమిటీకి కూలీలు ఫిర్యాదు చేయొచ్చు. ఆ కమిటీలో ఎవరున్నారో కలెక్టరేట్‌లో అడిగి, పేర్లు మండల ఆఫీసు గోడకు అంటించండి.

జిల్లా కమిటీలు ఈ నెలలో తీర్మానం చేస్తే, నాట్లు మొదలయ్యేలోపు మొదటి ఖాతాలు తెరవొచ్చు. సంతకాలకు ఒప్పుకునే ఇద్దరి పేర్లు ఇవాళ వెళ్లేముందే ఇక్కడ రాసి ఇవ్వండి.