ఒకే పేరు గల ఉపనదులు



నదికి పేరు పెట్టినవారు దాని యొడ్డున పైరు పండించుకొన్న జనులే. కొండల కావల అదే పేరుతో మరొక యేరు పారుచున్నదా లేదా యని వారు విచారింపలేదు. విచారింపవలసిన పనియు వారికి లేదు. అందుచేత దక్షిణదేశమున చెయ్యేళ్లు రెండు, వేగవతులు రెండు ఏర్పడినవి. ఈ నాలుగును పెద్దనదుల నాశ్రయించి సముద్రమును చేరు ఉపనదులే.

మన చెయ్యేరు బాహుదా, పింఛా నదుల కలయికచే నేర్పడి, రాజంపేట, నందలూరు ప్రాంతముల మీదుగా పోయి పెన్నలో కలియుచున్నది. నందలూరి సౌమ్యనాథాలయము, అత్తిరాల పరశురామాలయము దీని తీరముననే యున్నవి. బాహుద యను పేరు మహాభారతము నాటిది. అన్నయగు శంఖుని యాశ్రమమున అడుగకుండ ఫలములు తిన్న లిఖితుడు, రాజదండనచే చేతులు కోల్పోయి, బాహుదలో మునిగి వానిని మరల బడసెనని శాంతిపర్వ కథ. బాహువుల నిచ్చినది బాహుద. చేయి నిచ్చిన యేరు చెయ్యేరు. అయితే ఈ కథను కాణిపాకము వారును తమ బాహుదకే చెప్పుకొందురు. ఇచ్ఛాపురము చెంత పారు బాహుద వేరొకటి. అది నేరుగా సముద్రమున గలియును. కథ యెవరిదని తగవులాడుటకంటె, ముగ్గురును దానిని మరువలేదని సంతోషించుట మేలు.

తమిళదేశపు చెయ్యారు జవ్వాది కొండలలో పుట్టి పాలారులో కలియును. తమిళమున 'సేయ్' అనగా బిడ్డ. కావున అచ్చటివారికి అది బిడ్డయేరు. చెవికి ఒకటిగా వినబడు పేరు ఒకచోట చేయి, మరియొకచోట బిడ్డ! పేర్ల పోలికను బట్టి చరిత్ర వ్రాయబూనువారు ఇచ్చట కొంత నిదానింపవలెను. కాని భూగోళము వీనికి నిజమైన చుట్టరిక మొకటి కల్పించినది. పెన్నయు పాలారును మైసూరు సీమలోని నంది కొండల ప్రాంతముననే జన్మించినవి. ఒకటి ఉత్తరమునకు పోయి తూర్పునకు తిరిగినది. మరొకటి ఆగ్నేయముగా నడచినది. ఒక పుట్టింటి యాడుబడుచుల నిద్దరిని ఈ రెండు చెయ్యేళ్లు చేరుకొనుచున్నవి.

ఉపనదికి అది కలియు నదియే చిరునామా. 2021 నవంబరు 19వ తేదీన పైనుండి పింఛా నీరు విరుచుకొనిపడగా, చెయ్యేటిపై నున్న అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగినది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు గ్రామములలో ఇండ్లు కొట్టుకొనిపోయినవి. పలువురు ప్రాణములు కోల్పోయిరి. పొలములపై ఇసుక మేటలు వేసినది. అట్టి దినమున 'చెయ్యేటికి వరద' యను మాట విన్న దూరపు బంధువునకు, అది పెన్నలో కలియునదియా, పాలారులో కలియునదియా యన్నది కేవలము పుస్తకాల ప్రశ్న కాదు.

ఇక వేగవతుల మాట. కాంచీపురపు వేగవతి చిన్న యేరు. బ్రహ్మ యాగమును చెరుప సరస్వతియే ఇట్లు ఉరుకగా, విష్ణువు అడ్డముగా శయనించెనని స్థలపురాణము. ఇదియు, చెయ్యారును, పాలారును కలియుచోట తిరుముక్కూడల్ గ్రామమున్నది. ముక్కూడల్ అనగా మూడేళ్ల కూడలి. కూడలి మనకును సొంతమాటయే. అచ్చటి ఆలయమున 11వ శతాబ్దపు వీరరాజేంద్ర చోళుని శాసనమున, 15 పడకల వైద్యశాలయు, విద్యార్థులకు భోజనవసతియు వర్ణింపబడినవి. ఏటికూడలిలో చదువునకు చోటు కల్పించిన ఈ సంగతి గ్రంథాలయ సభలో తప్పక చెప్పదగినది.

ఉత్తరాంధ్రపు వేగవతి పాచిపెంట కొండలనుండి దిగి, సాలూరు నొరసికొని నాగావళిని చేరును. చిత్రమేమనగా, వంగర సమీపమున సంగమను గ్రామములో ఇచ్చటను మూడు నదులే కలియును: నాగావళి, వేగవతి, సువర్ణముఖి. సంగమేశ్వరుని యాలయము అచ్చటనే కలదు. ఈ సువర్ణముఖికిని దక్షిణమున పేరుగలది యొకటి యున్నది; అది శ్రీకాళహస్తీశ్వరుని చెంతగా పారి, ఎవరి తోడును లేక తానే సముద్రమున బడుచున్నది.